నట్టు పోతే పోనీ, స్టడ్డు మిగలాలి

పోయిన నెల గాజువాక నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. కారు సైలెన్సర్ పైపు తనే మార్చుకుందామని కూర్చున్నాడట. ఒక నట్టు అస్సలు కదలడం లేదు. "రెండు రోజులుగా స్ప్రే కొడుతూనే ఉన్నాను పెదనాన్నా. ఇంకో వారం నానబెడితే వస్తుందంటావా?" అని అడిగాడు.

వారం కాదు, నెల నానబెట్టినా రాకపోవచ్చు, కోసెయ్యి అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "కోసేస్తే ఓడిపోయినట్టే కదా" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. మూడేళ్ల కిందట నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం వల్ల పది రూపాయల నట్టుతో మొదలైన పని నాలుగు రోజులు సాగింది. ఇంట్లో కారు కింద పడుకుని సొంతంగా పనిచేసుకునే వాళ్లకి ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే: నూనె పట్టించు, ఓపిక పట్టు, మెల్లగా తిప్పు. మిగతా బోల్టుల సంగతి ఎలా ఉన్నా, ఇంజన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ బోల్టుల విషయంలో ఈ సలహా సగమే నిజమని నా అభిప్రాయం. దీన్ని నమ్మి స్టడ్డులు విరగ్గొట్టుకుంటున్న వాళ్లు చాలామందే ఉంటారు. స్టడ్డు అంటే తల లేని బోల్టు: ఒక చివర ఇనుములోకి దిగి ఉంటుంది, రెండో చివర మీద నట్టు ఎక్కుతుంది.

ఒకే ఫ్లాంజి, రెండు నట్లు

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. సముద్రం నడిచి వెళ్లేంత దూరం. ఇక్కడ కిటికీ చువ్వలకి రంగు వేసిన రెండేళ్లకే తుప్పు మళ్లీ తల ఎత్తుతుంది. ఇక రోజూ కాలి, చల్లారే ఇనుము సంగతి చెప్పక్కర్లేదు. 2023లో మా కారుకి పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. అంత కట్టి ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లేటప్పుడు బండి సరిగ్గా ఉండాలి కదా. మాదేమో పొద్దున్నే స్టార్ట్ చేస్తే టప్ టప్ మని కొట్టుకునేది, వేడెక్కాక ఆ చప్పుడు తగ్గేది. ఇంజన్ పొగని ఒకచోట చేర్చే మానిఫోల్డుకీ ముందు పైపుకీ మధ్యనున్న ప్యాకింగ్ కాలిపోయిందని అర్థమైంది. ఆ రెంటినీ కలిపి బిగించే అంచునే ఫ్లాంజి అంటారు. ఆ చప్పుడుతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా బయటికి వస్తుంది. అది క్యాబిన్‌లోకి చేరితే ప్రాణానికే ముప్పు, పైగా దానికి వాసనుండదు. పని వాయిదా వెయ్యడానికి లేదు.

రెండు నట్లు, ఒక ప్యాకింగ్. గంట పని అనుకున్నాను. మూడు రోజులు స్ప్రే కొట్టాను. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. రింగు పానా పెట్టి లాగితే చెయ్యి నొప్పి పుట్టిందే గాని నట్టు కదల్లేదు. చివరికి దగ్గర్లోని ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన పానాకి మూడడుగుల పైపు తొడిగి ఒక్కసారి బరువంతా వేశాడు. కిర్రుమంది, ఆ వెంటనే టక్కుమంది. నట్టు ఆయన చేతిలోకి వచ్చింది, సగం స్టడ్డుతో సహా.

ఆయన మీద నాకు కోపం లేదు. బయట ఇంకో మూడు బళ్లు ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. తర్వాత లెక్క వేసుకుంటే గాని నాకు విషయం బోధపడలేదు. అడుగు పొడవున్న పానా చివర పది కిలోల బరువు వేస్తే నట్టు మీద పడేది సుమారు 30 న్యూటన్ మీటర్లు. 8 మిల్లీమీటర్ల మామూలు గట్టి స్టడ్డు తెగేది ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే. మూడడుగుల పైపు తొడిగామంటే అదే చేతి బలం మూడింతలైనట్టు. పదిహేనేళ్ల తుప్పు తిని సన్నబడిన స్టడ్డు అంత బలాన్ని ఎక్కడ తట్టుకుంటుంది? పెద్ద పానా పట్టుకున్నప్పుడు మన చేతికి ఏమీ తెలియదు. నట్టు వదులవుతున్నప్పుడూ, స్టడ్డు మెలిపడుతున్నప్పుడూ చేతికి అదే మెత్తదనం తగులుతుంది. "ఆఁ, వస్తోంది" అనుకుంటాం. నేనూ పక్కనే నిలబడి అలాగే అన్నాను.

రెండో నట్టు ముట్టుకోవద్దని చెప్పి, ఆ చప్పుడుతోనే అద్దాలన్నీ దించుకుని కారు ఇంటికి తెచ్చేశాను. సాయంత్రం మా మావయ్య వచ్చాడు. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పటికీ సింధియాలోనే ఉంటాడు. విషయమంతా విని, వంగి టార్చిలైటు వేసి చూసి, "ఏట్రా ఈ కుస్తీ? ఉప్పుగాలి తిన్న నట్టుని ఎవడైనా తిప్పుతాడా? కొయ్యాల. నట్టు మనది కాదనుకో, స్టడ్డు మనది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఇద్దరం కలిసి కోశాం. అంటే ఆయన చెప్పాడు, నేను కోశాను. హ్యాక్‌సా బ్లేడు ఒక చివర గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని, నట్టు ఒక పలక మీద, స్టడ్డు పొడవు వెంట నిలువుగా కోత పెట్టాను. మర కనిపించడానికి ఇంకా కాస్త ఉందనగా ఆపమన్నాడు. ఆ గాటులో చిన్న ఉలి పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే నట్టు వేరుశెనగ కాయలా విచ్చుకుంది. కోత మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇరవై నిమిషాలు పట్టింది. స్టడ్డు మర మీద ఒక చోట సన్నటి గీత పడింది, అంతే. తీగ బ్రష్షుతో రుద్ది కొత్త నట్టు ఎక్కిస్తే వేళ్లతోనే తిరిగింది.

ఒకే ఫ్లాంజి, ఒకే వయసు, ఒకే ఉప్పుగాలి. బలం పెట్టిన చోట స్టడ్డు పోయింది, నట్టు కోసిన చోట మిగిలింది. విరిగిన స్టడ్డు కోసం మానిఫోల్డు మొత్తం విప్పి లేతు షాపుకి పంపాల్సి వచ్చింది. అన్నీ కలిపి 4,800 రూపాయలు, నాలుగు రోజులు.

నూనె మీద మనకున్న నమ్మకం

మనందరి ఇళ్లలో ఉండే ఆ నీలం, పసుపు డబ్బా డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్ డియెగోలో తయారుచేశారు. పేరులోనే పని ఉంది: నీటిని తోసెయ్యడం, 40వ ప్రయత్నంలో కుదిరిన ఫార్ములా. అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా చూడటానికి మొదట్లో వాడారు. తుప్పు రాకుండా ఆపడం ఒక పని, పదిహేనేళ్లుగా గడ్డకట్టిన తుప్పులోకి దిగడం ఇంకో పని. రెండో పని కోసమే చేసిన నూనెలు వేరే ఉన్నాయి, అవి కొంత మెరుగు. అయినా నా సందేహం నూనె రకం మీద కాదు.

ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. నట్టుకీ స్టడ్డుకీ మధ్య ఉండే వెంట్రుకంత సందులో అంత తుప్పు పుడితే ఇక ఖాళీ ఎక్కడుంటుంది? నూనె పాకాలంటే సందుండాలి. ఎగ్జాస్టులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంజన్‌కి దగ్గరగా ఉన్న ఫ్లాంజి వందల డిగ్రీలు వేడెక్కుతుంది. ఇవాళ నూనె కొట్టి రేపు ఆఫీసుకి వెళ్లొస్తే, కొట్టిన నూనె కాలి మసిగా మిగులుతుంది. మా వాడు రెండు రోజులు చేసింది అదే. రాత్రి స్ప్రే, పగలు బండి మీద తిరుగుడు.

నూనె పూర్తిగా దండగ అనడం లేదు. వెనక మఫ్లర్ (సైలెన్సర్ డబ్బా) దగ్గర, వేడి తక్కువున్న చోట, నాలుగైదేళ్ల నట్లకి అది బాగానే పనిచేస్తుంది, నేనే చాలా విప్పాను. కానీ ఇంజన్ దగ్గర నూనె కంటే నమ్మదగింది వేడి. పల్లెటూళ్లలో కమ్మరి ఎడ్లబండి చక్రానికి కట్టు ఎక్కించడం చూసిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కట్టుని ఎర్రగా కాలిస్తే అది పెద్దదై చక్రం మీదకి దిగుతుంది, నీళ్లు పొయ్యగానే బిగుసుకుంటుంది. నట్టు కూడా చిన్న కట్టే. 8 మిల్లీమీటర్ల నట్టుని 500 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం సుమారు 0.05 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినడానికి ఏమీ లేనట్టుంటుంది గాని తుప్పు పెచ్చు పగలడానికి ఆ మాత్రం చాలు. అందుకే మంట నట్టు చుట్టూ తిప్పాలి, స్టడ్డు మీద కాదు. స్టడ్డూ సమానంగా వేడెక్కితే అదీ ఉబ్బుతుంది, లాభం లేదు. చల్లారుతుండగా కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరలోకి లాక్కుపోతుంది. స్ప్రే కంటే ఇది నాకు ఎక్కువసార్లు కలిసొచ్చింది.

చేతిలో పట్టుకునే చిన్న గ్యాస్ టార్చితో వెల్డింగ్ షాపు ఆక్సిజన్ మంటంత పని జరగదు. వెల్డింగ్ మంట 3,000 డిగ్రీలు దాటుతుంది, ఇంటి టార్చి మంట 1,900 దగ్గర ఆగిపోతుంది. పైగా మందపాటి ఫ్లాంజి ఆ వేడినంతా తాగేస్తుంది. నట్టు ఎర్రబడలేదని అక్కడే మంట పెట్టి కూర్చోవడం మంచిది కాదు. పక్కన పెట్రోలు పైపు ఉంటుంది, రబ్బరు బుష్షులు ఉంటాయి. అప్పుడే స్ప్రే కొట్టిన చోట మంట పెడితే అంటుకుంటుంది. బ్రేక్ క్లీనర్‌తో కడిగిన భాగాన్ని అస్సలు కాల్చకూడదు. కొన్ని క్లీనర్లలో క్లోరిన్ ద్రావకాలుంటాయి, వాటిని మంట తాకితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది

పానా పట్టుకునే ముందు అడగాల్సిన ప్రశ్న "ఎలా తిప్పాలి" కాదని నేను నమ్ముతాను. ఏది పోయినా ఫర్వాలేదో, ఏది పోకూడదో ముందు తేల్చుకోవాలి. నట్టు పది రూపాయలు. స్టడ్డు అంతకంటే కాస్త ఎక్కువ, కానీ అది విరిగితే తియ్యడానికి వేలల్లో ఖర్చు. మానిఫోల్డు పగిలితే ఇంకా ఎక్కువ. ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డులో మర పోతే ఇంజన్ పనే. ఇంత తేడా ఉన్నప్పుడు అన్నిటికంటే చవకైన నట్టుని కాపాడటానికి మిగతావన్నీ పణంగా పెట్టడం ఏం లెక్క?

కారు కింద దూరి చూస్తే చాలా విషయం అక్కడే తేలిపోతుంది. వెనక జాయింట్లలో చాలా వరకు బోల్టు రెండు ఫ్లాంజిల రంధ్రాల్లోంచి దూసుకొచ్చి అవతల నట్టుతో బిగిసి ఉంటుంది. ఫ్లాంజికి మర లేదు. అక్కడ కాపాడాల్సింది ఏమీ లేదు, నట్టూ బోల్టూ రెండూ పోవచ్చు. నేనైతే అలాంటి చోట పానా కూడా పెట్టను, నేరుగా బ్లేడు పెట్టేస్తాను. స్టడ్డు ఉన్న చోట ఒక అవకాశం ఇస్తాను: వేడి, మైనం, ఆ తర్వాత ఆరు పలకల బాక్సు పానా. పన్నెండు పళ్లది వద్దు, అరిగిన మూలల మీద అది జారిపోతుంది. జపాన్ పద్ధతి బళ్లలో 8 మిల్లీమీటర్ల స్టడ్డుకి 12 సైజు నట్టు ఉంటుంది, వేరే బళ్లలో ఎక్కువగా 13. తుప్పు పట్టిన 12 నట్టుని చూసి 13 అని పొరబడి, వదులు పానాతో మూలలు గుండ్రం చేసేవాళ్లున్నారు. మొదట కొంచెం బిగించే వైపు కదపాలి, తర్వాత విప్పే వైపు. విప్పే వైపు పావు చుట్టు, కాస్త వెనక్కి, మళ్లీ విప్పే వైపు. రెండుసార్లు వేడిచేసినా కదలకపోతే మూడోసారి ప్రయత్నం లేదు. బ్లేడే.

ఈ "రెండుసార్లు" అనే గీత నేనే పెట్టుకున్నది. ఇంకా ఓపిక పడితే వచ్చేదేమో అని నాకూ అనిపిస్తుంది. వచ్చేవీ ఉంటాయి. కానీ మూడో గంటకి మనిషి అలిసిపోతాడు, కోపం వస్తుంది, తెలియకుండానే పైపు కోసం చూస్తాడు. స్టడ్డులు విరిగేది అప్పుడే.

మిషిగన్‌లో ఉన్న మా బావమరిది వాదన వేరు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కింద భాగాలు మన సముద్రపు ఒడ్డు బళ్ల కంటే ఘోరంగా తింటాయి. "మేం కోతతోనే మొదలుపెడతాం, మీరు ఆ రెండుసార్లు కూడా ఎందుకు?" అంటాడు. ఆయన గ్యారేజీలో గ్రైండర్ ఉంది, చుట్టూ జాగా ఉంది. మా అపార్టుమెంటు సెల్లారులో గ్రైండర్ పెడితే నిప్పురవ్వలు పక్క స్కూటీల మీద పడతాయి, పైన పెట్రోలు ట్యాంకు ఉంటుంది. బ్లేడుతో కొయ్యడం నిదానం, చేతులు పోతాయి, కానీ రవ్వలు రావు. అందుకే ఇక్కడ నేను బ్లేడునే సమర్థిస్తాను, నట్టు రెండింటికి బదులు నాలుగైతే తప్ప.

మెకానిక్ ఎందుకు కొయ్యడు

"మూడొందలిస్తే మెకానిక్కే చేస్తాడు కదా, ఈ బురదంతా ఎందుకు?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. మర్నాడు ఊరెళ్లాలంటే నేనూ షెడ్డుకే వెళ్తాను. కానీ ఒక సంగతి నన్ను చాలా రోజులు వేధించింది. రోజూ ఈ పని చేసేవాడు, నాకంటే వంద రెట్లు తెలిసినవాడు, నట్టు కొయ్యకుండా పైపు ఎందుకు తొడిగాడు?

పోయిన ఏడాది వెనక మఫ్లర్ మార్చాల్సి వచ్చినప్పుడు నాకు తీరిక లేదు. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి ముందే చెప్పాను: "నట్లు విప్పడానికి తంటాలు పడకండి, కోసెయ్యండి. కొత్తవాటికి డబ్బులిస్తాను." ఆయన చేస్తున్న పని ఆపి నా వైపు చూశాడు. "ఇలా చెప్పేవాళ్లే ఉండరు సార్. కోస్తే పాడుచేశావంటారు, విరిగితే మీ బండి పాతదంటే ఒప్పుకుంటారు" అన్నాడు.

ఇది నేను ఊహించలేదు. నట్టుని కాపాడమని ఆయన్ని ఒత్తిడి చేస్తున్నది మనమే. బిల్లులో నాలుగు కొత్త నట్లు కనిపిస్తే ఎందుకని నిలదీస్తాం. విరిగిన స్టడ్డు చూపిస్తే తలరాత అనుకుంటాం. కాబట్టి ఇంట్లో చేసుకోనివాళ్లకి కూడా నా మాట వర్తిస్తుంది. బండి అప్పజెప్పేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పండి.

కొయ్యకూడని చోట్లు

పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ విషయంలో నా వాదన చెల్లదు. దాని మర పైపుకి అతికిన దిమ్మలో ఉంటుంది, ఆ మరని కాపాడుకోవాలి. కాస్త వేడిగా ఉన్నప్పుడు, చీలిక ఉన్న దాని సొంత పానాతో తీస్తే ఎక్కువగా వచ్చేస్తుంది. హెడ్డులోకి దిగిన స్టడ్డు విరిగితే ఇంట్లో ఆగిపోవడమే తెలివి. బజార్లో దొరికే విరిగిన బోల్టులు తీసే ఎదురుమర పనిముట్టు ఒకటుంది. గట్టి ఉక్కు, కానీ పెళుసు. అది రంధ్రంలో విరిగితే దాన్ని మామూలు డ్రిల్లు కూడా తొలచలేదు. వెల్డింగ్ తెలిసినవాడు విరిగిన ముక్క మీద ఒక నట్టు అతికి, ఆ వేడితోనే తిప్పి తీస్తాడు. ఆ పని ఆయనకే వదిలెయ్యాలి.

ఇంకొకటి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కింద దూరకండి. ఇటుకలు పేర్చి కూడా వద్దు, ఇటుక ముందు చెప్పకుండా పొడి అవుతుంది. మనలో చాలామంది వేలు పోసి పానాల సెట్టు కొంటారు గాని రెండు జాకీ స్టాండ్లు కొనరు. ఉలి దెబ్బలు వేసేటప్పుడు బండి ఊగుతుంది, అది గుర్తుంచుకోవాలి. కళ్లద్దాలు కూడా. ఒకసారి "ఒక్క దెబ్బే కదా" అని పెట్టుకోకుండా కొట్టాను. తుప్పు పెచ్చు కంట్లో పడింది. ఆసుపత్రిలో సూదిమొనతో దాన్ని తీస్తున్నప్పుడు కదలకుండా కూర్చున్న ఆ రెండు నిమిషాలు నాకింకా గుర్తే.

కొత్త నట్లు బిగించేటప్పుడు రాగి పూత ఉన్నవో ఇత్తడివో దొరికితే అవి వాడండి, మర మీద వేడికి నిలిచే, నట్టు పట్టేయకుండా చూసే యాంటీసీజ్ గ్రీజు రాయండి. గ్రీజు ఉన్నప్పుడు అదే బలానికి నట్టు ఎక్కువ బిగుస్తుంది, చెయ్యి కాస్త తగ్గించాలి. మావయ్యతో కలిసి నేను పెట్టిన నట్టుని ఈ ఏడాది మళ్లీ విప్పాల్సి వచ్చింది. మామూలు రింగు పానాకే, పైపు అక్కర్లేకుండా వచ్చేసింది.

మా వాడు ఆ రాత్రి పదింటికి ఫోటో పంపాడు. అరచేతిలో రెండు ముక్కలైన నట్టు, వేళ్లన్నీ నలుపు. స్టడ్డు మర చక్కగా ఉందట. పక్కనున్న రెండో నట్టు ఒకసారి వేడి చెయ్యగానే పూర్తిగా, కొయ్యకుండానే వచ్చిందని సంబరంగా రాశాడు. కింద ఒక ప్రశ్న: "ఇది బాగానే ఉంది పెదనాన్నా, మళ్లీ ఇదే పెట్టెయ్యనా?"

వద్దు, రెండూ కొత్తవే కొను అని రాశాను.